పేదవాడి ఇంటికి చోటు ఎవరు ఎంచుతున్నారు?

(విజయవాడలో ఒక పౌర సమావేశంలో, పట్టణ ప్రణాళిక పనుల్లో చాలాకాలం ఉండి రిటైరైన ఇంజినీరు ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే అచ్చువేస్తున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్లకి వినపడుతోందాండీ? ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, రావచ్చు. మన సభల్లో ముందు వరస ఎప్పుడూ ఎమ్మెల్యే గారి కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది. (నవ్వులు)

కరపత్రంలో నా అంశం "అందుబాటు ధరల గృహనిర్మాణం, సుస్థిర పట్టణాభివృద్ధి, ప్రభుత్వ పాత్ర" అని వేశారు. చదివేసరికి నాకే ఆయాసం వచ్చింది. అందులోంచి ఒక్క ముక్క తీసుకుంటాను. ఏ ప్రభుత్వం ఎన్ని ఇళ్లు కట్టింది, ఎన్ని మధ్యలో వదిలేసింది అని టీవీల్లో రోజూ కొట్టుకుంటూనే ఉన్నారు. ఆ లెక్క వాళ్లకే వదిలేద్దాం. ఆ ఇళ్లు ఎక్కడ కట్టారు, ఆ చోటు ఎవరు ఎంచారు, ఏం చూసి ఎంచారు, ఇదీ నా ప్రశ్న.

మన ఊరి ఉత్తరం వైపు ఒకసారి తలుచుకోండి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, కండ్రిక, ఇంకాస్త అవతల జక్కంపూడి. వాంబే అంటే వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన, 2001లో కేంద్రం పెట్టిన పథకం. పథకం పోయింది, పేరు మాత్రం పేటకి ఉండిపోయింది. 2005లో జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అని పట్టణాల కోసం కేంద్రం పెట్టిన ఇంకో పథకం వచ్చింది, జక్కంపూడిలో బ్లాకులు లేచాయి. తర్వాత టిడ్కో ఇళ్లు, అంటే పట్టణాల్లో ఇళ్లు కట్టే రాష్ట్ర ప్రభుత్వ కార్పొరేషన్ కట్టినవి, అవీ ఆ చుట్టుపక్కలే. పార్టీలు మారాయి, రంగులు మారాయి, పథకాల పేర్లయితే చెప్పక్కర్లేదు. దిక్కు మాత్రం మారలేదు. ఎందుకు ఉత్తరమే? అక్కడ భూమి చవక. ఎందుకు చవక? బుడమేరు.

ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే బుడమేరు సంగతి తెలియకుండా విజయవాడలో ఇళ్ల సంగతి మాట్లాడలేం. మైలవరం వైపు కొండల్లో పడ్డ వాన బుడమేరుగా దిగుతుంది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ ఉంది. మామూలు రోజుల్లో అక్కడ గేట్లు దించి, నీటిని డైవర్షన్ కాలవలోకి తిప్పి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుపుతారు. పాత దారి ఉంది చూశారూ, అది సింగ్‌నగర్ పక్కగా పోయి, ఎనికేపాడు దగ్గర కాలవ కింద నుంచి దూరి, చివరికి కొల్లేరు చేరుతుంది. ఏళ్ల తరబడి నీరు రాకపోయేసరికి ఆ దారి నేల అనిపించింది. జనానికే కాదు, కాగితాల మీద లేఅవుట్లు గీసిన వాళ్లకీ అలాగే అనిపించింది. కొన్నిచోట్ల ఏరు పంట బోదె అంత సన్నబడిపోయింది.

ఇప్పుడు చిక్కు ఎక్కడుందో చెబుతాను. కొండల్లో పెద్ద వాన పడ్డ రోజునే సాధారణంగా కృష్ణ కూడా నిండుగా ఉంటుంది. నది నిండుగా ఉంటే డైవర్షన్ కాలవలో నీరు నదిలోకి దిగదు, వెనక్కి ఎగదంతుంది. అంటే మనం నమ్ముకున్న ఏర్పాటు సరిగ్గా అవసరమైన రోజునే పనిచేయదు. 2024 సెప్టెంబరు మొదట్లో అదే జరిగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. డైవర్షన్ కాలవ కట్టలకు గండ్లు పడ్డాయి. వెలగలేరు నుంచి వదిలిన నీరూ, గండ్ల నీరూ కలిసి ఊరి మీదకొచ్చాయి. సింగ్‌నగర్‌లో మొదటి అంతస్తు దాకా నీళ్లు. పాల ప్యాకెట్ కోసం పడవ రావాల్సి వచ్చింది. ఇక్కడున్న వాళ్లలో సగం మంది అది చూసినవాళ్లే, మిగతా సగం అన్నం పొట్లాలు పంచినవాళ్లు.

తర్వాత ఏమన్నారు? ఆక్రమణలు అన్నారు. ఆక్రమణలు ఉన్నాయి, కాదనను. కానీ మునిగిన వాళ్లలో ఎంతమంది చేతిలో ప్రభుత్వం ఇచ్చిన పట్టా ఉందో చూడండి. మునిగిన కాలనీల్లో ప్రభుత్వం తానే కట్టి, తాళం చెవి చేతికిచ్చి, ఫొటో తీయించుకున్నవి ఉన్నాయి. ఆ పేదవాడు ఏరుని ఆక్రమించలేదండీ. ప్రభుత్వమే అతన్ని తీసుకెళ్లి ఏటి దారిలో కూర్చోబెట్టింది.

నేనేమీ ఎవరినీ దుర్మార్గులనడం లేదు. ఫైలు ఎలా నడుస్తుందో చూస్తే అర్థమవుతుంది. ఒక ఇంటికి ఇంత ఖర్చు అని పైనుంచి యూనిట్ ధర వస్తుంది. అందులో కేంద్రం వాటా ఇంత, రాష్ట్రం వాటా ఇంత. భూమి మాత్రం స్థానికంగా మీరు చూసుకోండి అంటారు. జిల్లాలో ఎవరు చూస్తారు? తహసీల్దారు. ఆయన చేతిలో ఏముంటుంది? ప్రభుత్వ భూమి అంటే చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు, కొండ పోరంబోకు. కొనాలంటే ఎకరం ఏ రేటుకొస్తే ఆ రేటుకి, పల్లపు పొలం. మార్చిలోగా స్థలం చూపించకపోతే నిధులు వెనక్కి పోతాయి. ఈ మెట్లన్నీ దిగాక అడుగున ఉండేది ఎప్పుడూ పల్లమే. సరే, మెరక తోలిద్దాం అంటారు. మెరక తోలితే మీ స్థలంలో నీరు నిలవదు నిజమే, పక్కవాడింట్లో నిలుస్తుంది.

ఇప్పుడు కొండల వైపు చూడండి. మొగల్రాజపురం, గుణదల, క్రీస్తురాజపురం, మాచవరం, వన్‌టౌన్ వెనక. ఆ 2024 వానల్లోనే, ఆగస్టు 31న, మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. రాళ్లు పడతాయని ఆ కొండల మీద ఉండేవాళ్లకి తెలియదా? మనకన్నా బాగా తెలుసు. మోటారు పెట్టి ఎక్కిస్తే తప్ప పైకి నీళ్లు ఎక్కవు, గ్యాస్ బండ భుజాన మోసుకుని మెట్లెక్కాలి, జబ్బు చేస్తే మంచం మీద దించాలి. అయినా దిగరు. జక్కంపూడిలో ఫ్లాట్ ఇస్తామన్నా దిగరు, దిగినా దాన్ని అద్దెకిచ్చి మళ్లీ కొండెక్కుతారు. అధికారులకి కోపం వస్తుంది, "వీళ్లకి ఇచ్చినా నిలుపుకోరు" అంటారు.

కోపం తర్వాత, లెక్క ముందు. పటమటలోనో లబ్బీపేటలోనో నాలుగిళ్లలో పాచిపని చేసే ఆవిడ ఉందనుకోండి. పొద్దున్నే ఆరింటికి మొదటింట్లో ఉండాలి. మధ్యాహ్నం ఇంటికెళ్లి పిల్లలకి అన్నం పెట్టి మళ్లీ సాయంత్రం రావాలి. ఊరికి అవతల ఉంటే రెండు ఆటోలు మారాలి, అదీ రోజుకి నాలుగుసార్లు. ఒక ఇంటి జీతం ఆటోలకే పోతుంది, మధ్యాహ్నం రాక కుదరదు కాబట్టి ఇంకో ఇల్లు మానుకుంటుంది. భర్త అడ్డా కూలీ. తెల్లారేసరికి అడ్డాలో నిలబడకపోతే ఆ పూట పని లేదు. ఆవిడ కొండ రాయినీ, ఆటో కిరాయినీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. రాయి ఎప్పుడో పడుతుంది, ఆటోకి రోజూ ఇవ్వాలి. దాన్ని మూర్ఖత్వం అనడానికి నాకు నోరు రావడం లేదు.

అందుబాటు అనే మాట దగ్గరికి వద్దాం. 2019 ఏప్రిల్ నుంచి జీఎస్టీ లెక్కల్లో అందుబాటు ఇల్లంటే 45 లక్షల లోపుది, మెట్రో నగరాలు కాని చోట 90 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఏరియా. దానికి పన్ను ఒక్క శాతమే. మంచిదే, మధ్యతరగతి వాళ్లకి ఊరట. మరి అదే కేంద్ర ప్రభుత్వం ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో ఆర్థికంగా బలహీన వర్గం అంటే ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం అంది. 3 లక్షలవాడు 45 లక్షల ఇల్లు కొనాలంటే పదిహేనేళ్లు గాలి పీల్చి బతకాలి. (నవ్వులు) నవ్వుతున్నారు కానీ, సొంతిల్లంటే మార్కెట్ చూసుకుంటుందిలే అనేవాళ్లు ఈ పదిహేనేళ్ల సంగతి చెప్పరు. కిందవైపు వాళ్లకి మార్కెట్ చేరదు. చేరేది ప్రభుత్వమే. చేరడంలోనే తేడా వస్తోంది.

2020 డిసెంబరులో మొదలైన స్థలాల పంపిణీలో పట్టణాల్లో ఒక సెంటు ఇచ్చారు. సెంటంటే 48 గజాలు. ఇప్పటి ప్రభుత్వం రెండు సెంట్లు అంటోంది. సెంటా, రెండు సెంట్లా అని ఎన్నికల్లో వేలంపాట పాడుకున్నారు. నా అభిప్రాయం అడిగితే, ఊరి మధ్య బస్సు దిగి నడిచే దూరంలో ఉంటే సెంటులో పైకి రెండంతస్తులు లేపుకుని పిల్లల పెళ్లిళ్లు కూడా చేసేస్తారు. వీధి దీపం లేని చోట అయిదు సెంట్లిచ్చినా కంపచెట్లే మొలుస్తాయి. మన చుట్టుపక్కల లేఅవుట్లలో హద్దురాళ్లు మాత్రమే మిగిలిన స్థలాలు మీరూ చూసే ఉంటారు. ఇంటికి ఇచ్చిన 1.80 లక్షలు పునాది, గోడలు దాటవు. స్లాబుకి డ్వాక్రా అప్పు, తలుపులకి మెడలో గొలుసు. అంత పెట్టి కట్టాక అక్కడ ఉండడానికి వీల్లేకపోతే ఆ గొలుసు ఎవరు తిరిగిస్తారు?

అమరావతి ఆర్‌-5 జోన్, అంటే రాజధానిలో పేదల ఇళ్లకని వేరుచేసిన భాగం, దాని సంగతి కూడా చెప్పాలి. కొంతమందికి కోపం రావచ్చు, రెండు వైపుల వాళ్లకీ రావచ్చు. 2023లో విజయవాడ, గుంటూరు వైపు పేదలు 50 వేల మందికి రాజధాని ప్రాంతంలో స్థలాలిచ్చారు. రైతులు కోర్టుకెళ్లారు, ఆగస్టులో హైకోర్టు నిర్మాణం ఆపమంది. ఒకళ్లు పేదలకి ఇస్తే అడ్డుపడతారా అన్నారు, ఇంకొకళ్లు మా రాజధానిని చెడగొట్టడానికే ఇచ్చారన్నారు. ఇంత గొడవలోనూ రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ చట్టం, అదే సీఆర్‌డీఏ చట్టం తీసి చూసినవాళ్లు తక్కువ. రాజధాని కోసం రైతుల నుంచి సమీకరించిన భూమిలో 5 శాతం పేదల ఇళ్లకి ఉంచాలని 2014 చట్టంలోనే ఉంది. అంటే పేదవాడు ఆ రాజధానికి చుట్టం చూపుగా వచ్చినవాడు కాదు, ప్లానులోనే అతనికి వాటా ఉంది. ఆ 5 శాతం ఎక్కడ? సచివాలయం ఊడ్చే మనిషి నడిచి వెళ్లేంత దూరంలోనా, లేక చిట్టచివర కరకట్ట అంచునా? ఇప్పుడు టెండర్లు పిలుస్తున్న వేళే అడగాలి. భవనాలు లేచాక అడిగితే స్థలం ఉండదు.

మనకి సింగపూర్ అంటే చాలా ఇష్టం కదండీ. (నవ్వులు) డిజైన్లు తెచ్చుకున్నాం, టవర్ల బొమ్మలు తెచ్చుకున్నాం. అక్కడ 1960లో హౌసింగ్ బోర్డు పెట్టారు. ఈరోజు అక్కడ స్థిరపడ్డ జనంలో పదిమందిలో దాదాపు ఎనిమిది మంది ఆ బోర్డు కట్టిన ఇళ్లలో ఉన్నారు. అది ఎలా కుదిరింది? 1966లో భూసేకరణ చట్టం చేసి, భూమిని ప్రభుత్వం చేతిలో పెట్టుకుని, ఇంటి పక్కన బడి, మార్కెట్టు, బస్సు ముందే పెట్టి అప్పుడు జనాన్ని దించారు. అక్కడిలా భూమి లాక్కోవడం మన ప్రజాస్వామ్యంలో కుదరదు, కుదరకూడదు కూడా. కానీ చేతిలో ఉన్న భూమినైనా అమ్ముకోకుండా ఉండొచ్చుగా?

(సభలోంచి ఒకరు: ఊళ్లో భూమి ఎక్కడుంది సార్? ఉన్నదంతా నిండిపోయింది.)

మంచి మాట అడిగారు. నిండిన మాట నిజమే. కార్పొరేషన్ విస్తీర్ణం 61.88 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కలకే పది లక్షలు దాటాం. కానీ చూడండి, సత్యనారాయణపురంలో పాత రైలు పట్టాలు తీసేశారు. ఊరి నడిబొడ్డున పొడుగాటి చీలిక లాంటి భూమి ఖాళీ అయింది. అక్కడ బస్సుల కోసమని బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. బస్సులకని వేసిన ఆ దారిలో ఇప్పుడు సాయంత్రమైతే బజ్జీల బండ్లు, కార్ల పార్కింగ్. బజ్జీలంటే నాకూ ఇష్టమే, అది వేరే. ఊళ్లో భూమి అప్పుడప్పుడు ఖాళీ అవుతుంది. మారిపోయిన ఆఫీసులు, పాత గోడౌన్లు, మూతపడ్డ మిల్లులు, శిథిలమైన క్వార్టర్లు. ఖాళీ అయిన ప్రతిసారీ మొదట వచ్చే ఆలోచన షాపింగ్ కాంప్లెక్సు. అందులో నాలుగో వంతు అద్దె ఇళ్లకి అని ముందే రాసిపెట్టుకుంటే పదేళ్లలో ఎన్నో కుటుంబాలకి చోటు దొరికేది.

అద్దె ఇళ్లన్నాను, గమనించారా? మన ప్రభుత్వాలకి సొంతిల్లు ఇవ్వడమే తెలుసు, ఎందుకంటే పట్టా ఇచ్చేటప్పుడు ఫొటో ఉంటుంది. అద్దె ఇంటికి ఫొటో ఉండదు. ఆటోనగర్‌లో బాడీ బిల్డింగ్ షెడ్లలో పనిచేసే కుర్రాడు, గుంటూరు మిర్చి యార్డుకి సీజన్‌లో వచ్చే ముఠా కూలీ, వీళ్లకి ఇక్కడ సొంతిల్లు అక్కర్లేదు. శుభ్రమైన గది, నీళ్లు, మరుగుదొడ్డి, పనికి దగ్గర, చాలు. లాక్‌డౌన్‌లో వలస కూలీలు రోడ్ల మీద నడిచాక 2020 జులైలో కేంద్రం అద్దె గృహాల పథకం ఒకటి తెచ్చింది. నడిచినవాళ్లు తిరిగొచ్చేశారు, పథకం ఊసు తగ్గిపోయింది.

ఇంకో దారి కూడా ఉంది, మన ఊళ్లోనే చేసి చూశాం, మర్చిపోయాం. 1990ల్లో బ్రిటన్ సాయంతో విజయవాడలో మురికివాడల అభివృద్ధి పథకం నడిచింది. ఎవరినీ లేపలేదు, ఇళ్లు కట్టి ఇవ్వలేదు. సందుల్లో సిమెంటు రోడ్డు, కాలవ, కుళాయి, దీపం, ఒక కమ్యూనిటీ హాలు. అంతే. ఇక తమని లేపరని నమ్మకం కలిగాక జనమే రేకుల ఇల్లు తీసి స్లాబు వేసుకున్నారు. ఒడిశాలో 2017లో చట్టం చేసి, మురికివాడల్లో ఉన్నవాళ్లకి ఉన్నచోటే భూమి హక్కు రాసిచ్చారు. పిల్లలకి సంక్రమిస్తుంది, బ్యాంకులో తాకట్టు పెట్టుకోవచ్చు, అమ్ముకోవడానికి మాత్రం లేదు. కృష్ణలంకకి రక్షణ గోడ కట్టడం కూడా ఒక రకంగా ఇదే దారి. వేలమందిని అక్కణ్ణుంచి కదిపే బదులు గోడ కట్టారు. విడతల వారీగా, రెండు మూడు ప్రభుత్వాల చేతుల మీదుగా. 11 లక్షల క్యూసెక్కుల రోజున చాలామటుకు కాపాడింది. ఈ గోడ మాదంటే మాదని ఇప్పుడు పోట్లాడుకుంటున్నారు, పోట్లాడుకోనివ్వండి, పని జరిగిన దాని మీదే కదా. అయితే అన్నిచోట్లా గోడ కడితే నదికి చోటుండదు, ఆ జాగ్రత్తా ఉండాలి.

కట్టిన తర్వాత సంగతి. గుంటూరుకి అడవితక్కెళ్లపాడులో టిడ్కో ఇళ్లున్నాయి. టిడ్కో ఇళ్లంటే కింద ఒకటి, పైన మూడు అంతస్తులు, 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు, షేర్ వాల్ పద్ధతిలో గోడా స్లాబూ అంతా కాంక్రీటే. త్వరగా లేస్తాయి, గట్టిగా ఉంటాయి. రోహిణీ కార్తెలో మాత్రం సాయంత్రం ఏడైనా గోడ మీద చెయ్యి పెట్టలేం. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిదతో చేసిన ఇటుకలు మనకి దగ్గరే దొరుకుతాయి, పై కప్పుకి తెల్ల పూత వేయొచ్చు, రెండు బ్లాకుల మధ్య వేపచెట్టుకి చోటు వదలొచ్చు. సుస్థిరం అని పెద్ద మాట వాడేవాళ్లు ముందు పైఅంతస్తులో మే నెల ఒక మధ్యాహ్నం కూర్చుని రావాలి. ఇక మోటారు కాలిపోతే ఎవరు బాగుచేయించాలి? సెప్టిక్ ట్యాంకు నిండితే? కట్టింది ఒక కార్పొరేషన్, లబ్ధిదారుల జాబితా ఇంకో ఆఫీసు, చెత్త తీసేది మున్సిపాలిటీ. 74వ రాజ్యాంగ సవరణ 1993 నుంచి అమల్లో ఉంది. పట్టణ ప్రణాళిక, మురికివాడల అభివృద్ధి మున్సిపాలిటీల పనుల జాబితాలో రాసి ఉన్నాయి. అయినా ఎక్కడ కట్టాలో నిర్ణయించేటప్పుడు వార్డు కార్పొరేటర్ని అడగరు, మురుగు పొంగినప్పుడు మాత్రం జనం ఆయన ఇంటికే వెళ్తారు. 2018లో పాత గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి, వాంతులూ విరేచనాలతో ఎందరో చనిపోయారు. ఇల్లుంది, కుళాయి ఉంది. భూమిలో పైపులు సరిగా లేవు. పైపుకి ప్రారంభోత్సవం చేసి కొబ్బరికాయ కొట్టేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి అవి ఎప్పుడూ చివర్లోకి పోతాయి.

(సభలోంచి మరొకరు: అయితే బుడమేరులో కట్టుకున్నవాళ్లని ఖాళీ చేయించాలా, వద్దా? సూటిగా చెప్పండి సార్.)

సూటిగానే చెబుతాను. ఏరుకి దారి కావాలి. ఇందులో మొహమాటం లేదు. కానీ వరస ముఖ్యం. ముందు డైవర్షన్ కాలవ సామర్థ్యం పెంచాలి, ఎనికేపాడు దగ్గర దారి వెడల్పు చేయాలి, ఎందుకంటే అడుగున బిరడా బిగించి పైన ఇళ్లు తీసి లాభం లేదు. ఆ తర్వాత ఏటి హద్దు సర్వే చేసి, నేల మీద రాళ్లు పాతి, ఆ పటం వార్డు సచివాలయం గోడకి అంటించాలి. అప్పుడు తెలుస్తుంది హద్దులో ఎవరున్నారో. పెద్ద లేఅవుట్లూ ఉంటాయి, కల్యాణ మండపాలూ ఉంటాయి, వాటితో మొదలుపెట్టాలి. 1985లో బొంబాయి పేవ్‌మెంట్ల మీద ఉండేవాళ్ల కేసులో, ఓల్గా టెల్లిస్ కేసు అంటారు, బతుకుతెరువు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి పేదవాణ్ణి లేపేముందు నోటీసు, వినడం, వేరే చోటు. ఆ వేరే చోటు ఆ పక్కనే, మెరక మీద, పిల్లల బడి మారకుండా. పట్టా ఉన్నవాడికైతే పరిహారం కూడా, ఎందుకంటే ఆ పట్టా మీద సంతకం ప్రభుత్వానిది.

ఇంకెవరో చెయ్యెత్తారు అక్కడ, ఆవిడకి మైకు ఇవ్వండమ్మా.